రెండు ఫైబర్ దారులున్నా కాంటా ఎందుకు ఆగుతుంది?

మిర్యాలగూడ_మిల్లు:
అన్నా, మా రైస్‌మిల్లుల ఆఫీసు, కాంటా, గోదాము మూడు చోట్ల మేనేజ్డ్ (సెట్టింగులు మార్చుకునే) స్విచ్‌లున్నయి. నడుమ ఫైబర్ రింగు, ప్రతి కొసకు ఫైబర్‌ను రాగి వైరుకు కలిపే మీడియా కన్వర్టర్. నిన్న జేసీబీ ఆఫీసు–కాంటా ఫైబర్ తెంపింది. నిమిషం దగ్గర దాకా బిల్లింగ్ బంద్, వడ్ల లారీలు గేటు బయట రోడ్డు మీదనే. తర్వాత దానంతటదే వచ్చింది. డేటా చుట్టూ తిరగకుండ (లూపు) ఒక దారిని మూసి, ఇంకోటి తెగితే తెరిచే ఎస్‌టీపీ ఆన్‌లనే ఉంది. గింత సేపు ఎందుకు?

పాలమూరు_కేబుల్:
పాత ఎస్‌టీపీకి అది మామూలే తమ్మీ. తన లింకు పోయిందని స్విచ్‌కు తెలిస్తే, బ్లాక్‌ల ఉన్న పోర్టు 15 సెకన్లు వింటది, ఇంకో 15 నేర్చుకుంటది, అప్పుడు డేటా వదుల్తది. 30 అయితయి. లింకు పోయినట్టు తెలువకపోతే పాత సమాచారానికి గడువు తీరేదాకా ముందుగాల 20 ఆగుతది. అంటే 50. నీది రెండో లెక్క. ఆర్‌ఎస్‌టీపీ పెట్టు, ఎస్‌టీపీకి వేగమైన రూపం, 2001ల వచ్చిన 802.1డబ్ల్యూ.

నల్గొండ_హాస్టల్_నెట్:
అసలు రెండో దారి ఎందుకు? రింగంటే లూపు భయం. మా హాస్టల్‌ల ఒక పోరడు చిన్న స్విచ్ తెచ్చి ఒకే కేబుల్ రెండు కొసలు దాంట్లనే గుచ్చిండు. ఫ్లోరంతా స్విచ్ లైట్లు ఒక్కతీరుగ దబదబ కొట్టుకున్నయి, ఏ ల్యాప్‌టాప్‌కూ ఐపీ రాలే. ఈథర్‌నెట్ ఫ్రేముకు (డేటా ముక్కకు) టీటీఎల్, అంటే ఇన్ని చోట్లు దాటితే ఆగాలనే లెక్క, ఉండదు కద, వైరు పీకేదాకా తిరుగుడే.

సూర్యాపేట_అడ్మిన్:
ఆ లూపు రెండో ఫైబర్ లేకున్నా వచ్చేదే అన్నా. రూముల పోర్టులు ఎడ్జ్ (కంప్యూటర్లకే, వేరే స్విచ్‌కు కాదు) చేసి బీపీడీయూ గార్డ్ పెట్టు. బీపీడీయూ అంటే ఎస్‌టీపీ స్విచ్‌లు ఒకదానికొకటి పంపుకునే కబురు. తను పంపిన బీపీడీయూ తిరిగి తన దగ్గరికే వస్తే పోర్టు మూసేస్తది. కొన్ని చవక స్విచ్‌లు బీపీడీయూలను మింగేస్తయి, వాటికోసం లూపును పట్టే లూప్ డిటెక్షన్, ఫ్రేముల వరదను తగ్గించే స్టార్మ్ కంట్రోల్ కూడా పెట్టుకో.

దేవరకొండ_ఫైబర్:
మిల్లు తమ్ముడూ, ముందు కన్వర్టర్లు చూడు. ఫైబర్ తెగినా కన్వర్టర్‌కూ స్విచ్‌కూ మధ్య ఉన్న రాగి ప్యాచ్‌కార్డ్ బాగానే ఉంటుంది. స్విచ్ దృష్టిలో లింకు బతికే ఉంది. ఆర్‌ఎస్‌టీపీ పెట్టినా మూడు హెలోలు (రెండు సెకన్లకోసారి వచ్చే బీపీడీయూలు), అంటే 6 సెకన్లు పోయాకే కదులుతుంది.

ఇంతకంటే ప్రమాదం ఫైబర్‌లోని రెండు కోర్లలో (ఒకటి వెళ్లేది, ఒకటి వచ్చేది) ఒక్కటే తెగినప్పుడు. బ్లాక్‌లో ఉన్న పోర్టుకు వచ్చే కోర్ తెగిందనుకో. బీపీడీయూలు రావు. అవతల ఎవరూ లేరనుకుని ఆ పోర్టు తెరుచుకుంటుంది. వెళ్లే కోర్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది, ఫ్రేములు రింగంతా ఒకే దిక్కున తిరుగుతాయి. లూపు రాకుండా పెట్టిన ఎస్‌టీపీయే లూపు తెచ్చిపెడుతుంది! స్ప్లైసింగ్‌కు (ఫైబర్ అతికే పనికి) పోయినప్పుడు ఇది చూశాను, స్విచ్ మార్చినా తగ్గలేదు పాపం వాళ్లకు. కన్వర్టర్ పక్కన చిన్న డిప్ స్విచ్‌లుంటాయి, ఎల్‌ఎఫ్‌పీ అని రాసినదాన్ని రెండు కొసల్లోనూ ఆన్ చెయ్యి. ఫైబర్‌లో లైట్ పోతే రాగి పోర్టునూ పడగొడుతుంది. స్విచ్‌లో లూప్ గార్డ్ (బీపీడీయూలు ఆగితే పోర్టు తెరుచుకోనివ్వనిది) ఉంటే అదీ పెట్టు.

మిర్యాలగూడ_మిల్లు:
ఎల్‌ఎఫ్‌పీ అన్నిట్ల ఆఫ్‌లనే ఉండె. ఆన్ చేసి, ఫైబర్ అతికినంక ఆఫీసు కొసన పీకి చూస్తే ఆగుడు అర నిమిషానికి తగ్గింది. ఆఫీసుల, గోదాముల ఆర్‌ఎస్‌టీపీ పెట్టిన. కాంటా స్విచ్ మెనూల ఆ ముక్కనే లేదు. రూట్ (ఎస్‌టీపీ లెక్కకు మూలమైన స్విచ్) కూడా అదే అయి కూర్చుంది.

పాలమూరు_కేబుల్:
ప్రయారిటీ నంబరు తక్కువున్నదే రూట్. అన్నిటికీ 32768 ఉంటే మ్యాక్ అడ్రస్ (స్విచ్ సొంత నంబరు) చిన్నగున్నది రూట్ అయితది. ఎక్కువసార్లు పాత డబ్బానే గెలుస్తది. ఆఫీసుకు 4096, గోదాముకు 8192 ఇయ్యి. కాంటాది మాత్రం మార్చక తప్పది. పాత ఎస్‌టీపీ మాట వినబడ్డ పోర్టుల పక్క స్విచ్ కూడా పాత పద్ధతికే దిగుతది. మూడు స్విచ్‌ల రింగుల యాడ తెగినా నీకు ఆ డబ్బా అడ్డం వస్తది.

మిర్యాలగూడ_మిల్లు:
స్టోర్‌రూంల ఉన్న స్పేర్ స్విచ్ కాంటా దగ్గర పెట్టి, ప్రయారిటీలు మార్చిన. మల్ల ఫైబర్ పీకితే ఒక్క పింగ్ (లింకు ఉందా అని అడిగే పరీక్ష కబురు) పోయింది, గంతే. బిల్లింగ్ పిల్లగానికి తెలువనే లేదు.

పాలమూరు_కేబుల్:
మంచిది. కాంటా కంప్యూటర్ పోర్టును ఎడ్జ్ చెయ్యి, లేకుంటే సిస్టం ఆన్ చేసినప్పుడల్లా ఆ పోర్టు 30 సెకన్లు ఆగుతది. ఫైబర్ పోర్టులకు మాత్రం ఎడ్జ్ పెట్టకు.