పాత కారు పునరుద్ధరణలో ఎయిర్ సస్పెన్షన్: రంగు వేసే ముందే ఏమేమి తేల్చుకోవాలి?

పాతచక్రం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. 1960ల తొలినాళ్ల సెడాన్ కారు ఒకదాన్ని పూర్తిగా విప్పి పునరుద్ధరిస్తున్నాను. బాడీ, ఛాసిస్ వేరువేరుగా ఉండే పాత పద్ధతి నిర్మాణం అది. ముందు చక్రాలకు పైనా కిందా విష్‌బోన్‌లు (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే, పైకీ కిందికీ ఆడే చేతులు), వాటి మధ్య కాయిల్ స్ప్రింగు, ఆ స్ప్రింగు నడుమ నుంచే షాక్ అబ్జార్బర్ ఉన్నాయి. వెనుక ఒకే ముక్కగా ఉన్న ఇరుసును రెండు వైపులా కమాను పట్టీలు, అంటే లీఫ్ స్ప్రింగులు, మోస్తున్నాయి. ఛాసిస్‌కు తుప్పు వదిలించి, తినేసిన చోట్ల కొత్త రేకు అతికించడం పూర్తయింది. ప్రైమర్ ఇంకా వేయలేదు.

ఈ దశలోనే ఎయిర్ సస్పెన్షన్, అంటే స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు బెలోలు (సంచులు) బండిని మోసే ఏర్పాటు, అమర్చుకోవాలని ఆలోచిస్తున్నాను. నిలిపి ఉంచినప్పుడు బండి బాగా కిందికి దిగాలి, నడిపేటప్పుడు కంపెనీ ఇచ్చిన ఎత్తుకు కొద్దిగా తక్కువలో ఉండాలి, వెనుక సీటు నిండినా తోక వాలిపోకూడదు. ఈ మోడల్‌కు సిద్ధంగా దొరికే కిట్ లేదు కాబట్టి బ్రాకెట్లన్నీ కొలత ప్రకారం తయారు చేయించుకోవలసిందే. రెండు మడతల బెలోలు మంచివా, గొట్టంలా ఉండే స్లీవ్ రకం మంచిదా? కమాను పట్టీలను అలాగే ఉంచి వాటికి తోడుగా బెలోలు పెట్టవచ్చా? ఇంకొక చిక్కు కూడా ఉంది: ఈ కారుకు ఉన్నది ఆల్టర్నేటర్ కాదు, డైనమో, పైగా పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపే పాత పద్ధతి). వెల్డింగు అవసరమైన పనులన్నీ రంగు కంటే ముందే ముగించాలి కనుక, అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

ఇరుసుబండి:

బెలోలను ఎంచుకోవడం తరువాతి సంగతి. ముందు నడిపే ఎత్తు ఎంతో మిల్లీమీటర్లలో నిర్ణయించి, ఆ ఎత్తులో ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలబెట్టండి. స్ప్రింగులు తీసేసి, చివరికి వాడబోయే చక్రాలనూ టైర్లనూ బిగించి, ఒక్కో చక్రాన్ని జాకీతో వీలైనంత పైకీ, వీలైనంత కిందికీ కదిలించి చూడండి. స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొస వరకు తిప్పుతూ ఇదే పని మళ్లీ చేయండి. టైరు ఎక్కడ తగులుతోందో, బాల్ జాయింట్ ఎక్కడ బిగుసుకుంటోందో, స్టీరింగు రాడ్డు ఏ కోణంలో వాలుతోందో అప్పుడే తెలుస్తుంది. ఈ కొలతలు చేతిలో లేకుండా బెలోలు కొనేవారు, కొన్న బెలోకు తగినట్టు ఛాసిస్‌ను కోసుకోవలసి వస్తుంది.

ఇక బెలో పరిమాణం. ముందు ఒక్కో చక్రం మీద పడే బాడీ బరువు 350 కిలోలు అనుకుందాం. స్ప్రింగు కూర్చునే చోటు కింది విష్‌బోన్ పొడవులో సరిగ్గా సగం దగ్గర ఉంటే, మీట సూత్రం ప్రకారం ఆ స్ప్రింగు మోయవలసింది 700 కిలోలు. ఆ బరువును 6 బార్ పీడనం, అంటే సుమారు 87 పీఎస్ఐ దగ్గర మోయాలంటే బెలో ప్రభావ వైశాల్యం (పీడనం బరువును మోసే లెక్కకు వచ్చే వైశాల్యం) 114 చదరపు సెంటీమీటర్ల చుట్టుపక్కల, వ్యాసం లెక్కన 12 సెంటీమీటర్లు ఉండాలి. బయటి కొలత అంతకంటే ఎక్కువ ఉంటుందని గుర్తుంచుకోండి. అదే మీట సూత్రం వల్ల చక్రం 100 మిల్లీమీటర్లు కదిలితే బెలో కదిలేది 50 మాత్రమే. అందుకే తక్కువ కదలికలో ఎక్కువ బరువు మోసే రెండు మడతల బెలో ముందువైపుకు సహజంగా సరిపోతుంది. వెనుక బెలో నేరుగా ఇరుసు మీద కూర్చుంటే చక్రం కదిలినంతా అదీ కదలాలి. అక్కడ పొడవైన కదలికను సాఫీగా ఇచ్చే స్లీవ్ రకం మేలు. ఏ రకం మంచిదన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు, ఒకే కారులో రెండూ వాడడం మామూలే.

రబ్బరు దేనికీ తగలకూడదు. ఈ ఒక్క విషయంలో రాజీ పడవద్దు. కాయిల్ స్ప్రింగు కూర్చునే గిన్నె లోపలి అంచును వేలితో తడిమి చూడండి. ప్రెస్సులో కోసిన రేకు అంచు గనుక చర్మం గీసుకుపోయేంత పదునుగా ఉంటుంది. బెలో కుంచించుకుపోయినప్పుడే దాని నడుము బాగా ఉబ్బుతుంది కాబట్టి ఖాళీని ఆ స్థితిలోనే, గాలి నింపి కొలవాలి. బెలో చుట్టూ సుద్దపొడి పూసి చక్రాన్ని పైకీ కిందికీ ఆడిస్తే, ఎక్కడ తగిలితే అక్కడి లోహం మీద తెల్లటి గీత పడుతుంది. ఆ చోటును గ్రైండరుతో గుండ్రంగా చేయడమో, బెలో పీటను జరపడమో చేయాలి. షాక్ అబ్జార్బర్ మధ్యలో ఉండే వీలు ఇక లేదు కాబట్టి దాన్ని విష్‌బోన్‌కు ముందుకో వెనుకకో మార్చి, ఛాసిస్ వైపు కొత్త బ్రాకెట్ వెల్డు చేయించాలి. ఈ బ్రాకెట్ మీద ప్రతి గుంతా దెబ్బ కొడుతుంది, అందువల్ల రేకు వెనుక దళసరి ప్లేటు వేసి బలాన్ని పంచాలి. గాలి పోయినప్పుడు బండి బెలో మీద కాకుండా రబ్బరు బంప్ స్టాపుల (చక్రం మరీ పైకి రాకుండా ఆపే దిమ్మల) మీద ఆగాలి. చక్రం వేలాడినప్పుడు బెలో సాగిపోకుండా ఆపే పట్టీయో, తగిన పొడవున్న షాకో కూడా తప్పనిసరి.

నాలుగులింకులు:

పైన చెప్పినవాటితో ఏకీభవిస్తూ వెనుక ఇరుసు గురించి మాత్రం కొంత చెబుతాను, ఎందుకంటే ఇలాంటి మార్పుల్లో ఎక్కువ చిక్కులు వచ్చేది అక్కడే.

కమాను పట్టీలు బరువు మోయడమే కాకుండా, ఇరుసు ముందుకూ వెనక్కూ జరగకుండా, పక్కకు ఒరగకుండా, బ్రేకు వేసినప్పుడు మెలితిరగకుండా పట్టి ఉంచుతాయి. వాటిని తీసి బెలోలు పెడితే బరువు మోసేది మిగులుతుంది, ఇరుసును పట్టుకునేది ఉండదు. కొందరు పై పట్టీని ఒక్కదాన్ని ఉంచి మిగతావి తీసేస్తారు. బండి ఎత్తు పెద్దగా మారనప్పుడు, ఇంజను బలం తక్కువైనప్పుడు అది నడిచిపోవచ్చు గానీ, మీరు కోరుకున్నంత కిందికి దించాలంటే ఆ ఒంటి పట్టీ వంపు తిరగబడి, గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఇరుసుతో పాటు మెలితిరుగుతుంది. నా సలహా నాలుగు లింకుల అమరికే, అంటే ఇరుసును నాలుగు కడ్డీలతో ఛాసిస్‌కు కలిపే పద్ధతి. సమాంతర లింకులు వేస్తే పక్క కదలికను ఆపడానికి, ఇరుసు ఒక పక్కను ఛాసిస్ రెండో పక్కకు అడ్డంగా కలిపే పాన్‌హార్డ్ రాడ్డు కావాలి. ఈ రాడ్డు ఎంత పొడవుంటే అంత మంచిది. 800 మిల్లీమీటర్ల రాడ్డు నడిపే ఎత్తులో అడ్డంగా ఉంటే, ఇరుసు 75 మిల్లీమీటర్లు పైకి వెళ్లినప్పుడు పక్కకు జరిగేది సుమారు మూడున్నర మిల్లీమీటర్లే, రాడ్డు అందులో సగం ఉంటే అది రెట్టింపై ఏడు అవుతుంది. పై లింకులను ఏటవాలుగా పెడితే పాన్‌హార్డ్ రాడ్డు అవసరం ఉండదు గానీ, పాత కార్లలో సైలెన్సర్ గొట్టమూ పెట్రోలు ట్యాంకూ సరిగ్గా ఆ చోటే ఆక్రమించుకుని కూర్చుంటాయి.

ప్రొపెల్లర్ షాఫ్టు (ఇంజను బలాన్ని వెనుక ఇరుసుకు చేర్చే తిరిగే కడ్డీ) కోణం మరచిపోవద్దు. రెండు కొసల్లోని యూనివర్సల్ జాయింట్ల కోణాలు నడిపే ఎత్తులో సమానంగా, మూడు డిగ్రీలకు మించకుండా ఉంటే వణుకు రాదు. లింకుల పొడవును సర్దుకునే వీలుంటే ఈ పని తేలిక. ఇరుసు పైకి రావడానికి ఛాసిస్ కమ్మీని విల్లులా కోయవలసి వస్తే, ముందుగా దాన్ని అటూ ఇటూ ఆధారాల మీద నిలిపి, బలపరిచే ముక్కలను కత్తిరించి పక్కన సిద్ధంగా పెట్టుకుని, ఆ తరువాతే కోత పెట్టండి.

మూలరూపం:

నేను కొంత భిన్నంగా ఆలోచిస్తాను. ఎయిర్ సస్పెన్షన్ పాత కార్లకు పరాయిదేమీ కాదు. కాడిలాక్ 1957లో ఎల్డొరాడో బ్రోమ్‌కు దాన్ని అమర్చింది, మెర్సిడెస్ 1961లో 300 ఎస్‌ఈకి ఇచ్చింది. అయితే ఆ బ్రోమ్ కార్లలో చాలా వాటికి గాలి కారిపోయే బాధ పడలేక యజమానులు తరువాత కాయిల్ స్ప్రింగులు వేయించుకున్నారన్నది కూడా చరిత్రే. సిట్రోయెన్ డీఎస్‌ను ఈ వరుసలో చేర్చడం సరికాదు. అది నైట్రోజన్ గోళాలూ నూనె పీడనమూ కలిసి పనిచేసే వేరే వ్యవస్థ.

మీ కారుకు కంపెనీ గాలి ఇవ్వలేదు. అందుచేత కోయడానికి ముందు, అదే మోడల్ కార్లు ఇంకా ఎన్ని మిగిలి ఉన్నాయో, మీ కారులో అసలు భాగాలు ఎంతవరకు ఉన్నాయో చూసుకోండి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా వారి ట్యూరిన్ చార్టర్, మార్పు చేయక తప్పనప్పుడు అది తిరిగి పూర్వస్థితికి తేగలిగేలా ఉండాలనీ, తీసిన ముఖ్య భాగాలను వాహనంతోనే భద్రపరచాలనీ సూచిస్తుంది. ముందువైపు పని మొత్తం బోల్టులతో చేయవచ్చు. వెనుక కూడా పాత పట్టీల కొక్కేలను కోసేయకుండా, లింకుల ముందు కొసలను వాటికే బిగించే బ్రాకెట్లు చేయించవచ్చు. విల్లు కోత ఒక్కటే వెనక్కి తీసుకోలేనిది. బండి నేలకు ఆనవలసిన అవసరం లేదు, నాలుగు వేళ్ల ఎత్తులో ఆగితే చాలు అనుకుంటే ఆ కోతే అవసరం పడకపోవచ్చు. రోడ్డు అనుమతికీ బీమాకూ సంబంధించి మీ ప్రాంతంలో ఇలాంటి మార్పులను ముందుగా తెలియజేయాలేమో కూడా కనుక్కోండి.

పాతచక్రం:

మూలరూపం గారి మాట నన్ను ఆలోచనలో పడేసింది. కోత లేకుండా ఎంతవరకు దిగుతుందో ముందు కొలుస్తాను. పాత పట్టీలనూ స్ప్రింగులనూ నూనె పూసి దాచి ఉంచుతాను. మరి గాలి సంగతేమిటి? ప్రతి చక్రానికీ ఒక పీడనం మీటరు పెట్టుకుంటే ఎత్తు తెలిసిపోతుందా, ఎత్తు సెన్సర్లు నిజంగా అవసరమా? విద్యుత్తు ప్రశ్న కూడా అలాగే ఉండిపోయింది.

వాల్వుముచ్చట:

పీడనం మీటరు ఎత్తును చెప్పదు. చాలామందికి నమ్మశక్యం కాని విషయం ఇది. బెలో మోస్తున్న బరువు మారనంత కాలం దానిలోని పీడనం దాదాపు అంతే ఉంటుంది. గాలి కొద్దికొద్దిగా కారుతున్నప్పుడు పీడనం పడిపోవడానికి బదులు బండి దిగుతుంది. రెండు మడతల బెలో కుంచించుకుపోతున్న కొద్దీ దాని ప్రభావ వైశాల్యం పెరుగుతుంది కాబట్టి దిగుతున్నప్పుడు మీటరు కాస్త తగ్గినట్టు చూపిస్తుందే గానీ, ఎంత దిగిందో తెలియదు. బంప్ స్టాపు బరువు అందుకున్న తరువాతే ముల్లు గబగబా పడుతుంది. చలి విషయంలోనూ ఇదే తంతు. మధ్యాహ్నం 35 డిగ్రీల దగ్గర సరిచేసిన బండి, తెల్లవారుజామున 5 డిగ్రీలకు వస్తే లోపలి గాలి పరిమాణం పదోవంతు తగ్గుతుంది. మీటరులో తేడా పెద్దగా కనిపించదు, బండి మాత్రం కిందికి వచ్చి ఉంటుంది. వెనుక సీటు నిండినా తోక వాలకూడదన్నారు కాబట్టి మీకు ఎత్తు సెన్సర్లే తగినవి. పీడనాన్ని బట్టి పనిచేసే నియంత్రణ ఖర్చు తగ్గిస్తుంది గానీ, అదే పీడనం దగ్గర ఒంటరిగా నడిపితే ఒక ఎత్తు, జనం ఎక్కితే మరొక ఎత్తు ఇస్తుంది.

ఎడమ, కుడి బెలోలను ఒకే గొట్టానికి కలపవద్దు. మలుపులో బయటి చక్రం మీద బరువు పెరగగానే అక్కడి గాలి లోపలి చక్రం బెలోలోకి పారుతుంది, బండి ఇంకా ఒరుగుతుంది. నాలుగు బెలోలకు నాలుగు వేరువేరు వాల్వు జతలు ఉండాలి. నైలాన్ గొట్టాన్ని బ్లేడుతో ఏటవాలుగా కోస్తే ఫిట్టింగులోని రబ్బరు వలయం ఒక పక్క ఆనదు, సబ్బునీళ్లు పోసి చూస్తే సరిగ్గా అక్కడే బుడగలు వస్తాయి. గొట్టం కోసే కట్టరుతో నిటారుగా కోయండి, సైలెన్సర్ వేడికి దూరంగా నడిపించండి. కంప్రెసర్ నుంచి వచ్చే తొలి గొట్టం లోహపు అల్లికదై ఉండాలి, ఎందుకంటే బయటికి వచ్చే గాలి బాగా వేడిగా ఉంటుంది. చల్లారిన గాలిలోని తేమ ట్యాంకు అడుగున నీరుగా చేరుతుంది కాబట్టి నీరు వదిలే వాల్వు అన్నిటికంటే కింద ఉండేలా ట్యాంకును బిగించండి.

ఇక విద్యుత్తు. ఆ కాలపు డైనమోలు చాలావరకు 20 ఆంపియర్లు దాటితే గొప్ప, నెమ్మదిగా నడిచే ఇంజను మీద దాదాపు ఏమీ ఇవ్వవు. 12 వోల్టుల కంప్రెసర్ ఒక్కటే 20 ఆంపియర్ల చుట్టుపక్కల లాగుతుంది. హెడ్‌లైట్లు వెలుగుతున్నప్పుడు అది మొదలైతే మిగిలేది బ్యాటరీయే. ఆల్టర్నేటర్ వేయించి, దానితో పాటే నెగటివ్ ఎర్త్‌కు మార్చుకోండి. సెన్సర్లూ నియంత్రణ పెట్టే అంతా నెగటివ్ ఎర్త్‌నే నమ్ముకుని తయారవుతాయి. పాత ఆమ్మీటరు తీగలను, ఇగ్నిషన్ కాయిల్ తీగలను అటూ ఇటూ మార్చడం మరచిపోకండి. కంప్రెసర్‌కు విడిగా రిలే, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, తగినంత లావు తీగ ఉండాలి.

ఇంకొక మాట: గాలి మీద నిలిచిన బండి కిందికి ఎవ్వరూ దూరకూడదు. ఎంత చిన్న పనైనా ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టిన తరువాతే.

పాతచక్రం:

అందరికీ ధన్యవాదాలు. ముందు రెండు మడతల బెలోలు, వెనుక స్లీవ్‌లు, నాలుగు లింకులు, ఎత్తు సెన్సర్లు అని నిర్ణయించుకున్నాను. పైపైన బిగించి చూస్తే ముందు ఎడమ చక్రం దగ్గర బ్రేకు హోసు కొత్త షాక్ బ్రాకెట్ అంచును తాకుతోంది, అది కూడా స్టీరింగు పూర్తిగా తిప్పి, చక్రం పూర్తిగా పైకి వెళ్లినప్పుడే. పొడవైన హోసు వేస్తే సరిపోతుందా?

ఇరుసుబండి:

పొడవు పెంచితే ఇప్పుడు తాకే చోటు మారుతుందే తప్ప తాకడం ఆగదు, మిగులు పొడవు టైరు వైపు వేలాడే ప్రమాదం కూడా ఉంది. ఛాసిస్ వైపు హోసును పట్టుకున్న చిన్న బ్రాకెట్‌ను పైకీ వెనక్కీ జరిపి, హోసు మెలిక లేకుండా సహజమైన వంపు తీసుకునేలా చూడండి. తరువాత చక్రాన్ని పూర్తిగా వేలాడదీసి స్టీరింగును రెండు కొసలకూ తిప్పండి. అక్కడ హోసు బిగుసుకుంటే అప్పుడు మాత్రమే అవసరమైనంత పొడవు పెంచండి. ఈ బ్రాకెట్‌కు కూడా వెల్డింగు కావాలి కనుక ప్రైమర్‌ను మరికొన్నాళ్లు ఆపండి. వీల్ అలైన్‌మెంటు మాత్రం అన్నీ బిగించాక, నడిపే ఎత్తులో, ముందు సీట్లలో మనుషుల బరువు ఉంచి చేయించండి.