'అదంతా ఎలా మొదలైందో': ఒక సర్వనామం మీద నడిచిన పాటల పోరు

ప్రశ్న: గ్రూపు పెద్దలకు నమస్కారం. తొలినాటి హిప్-హాప్ పాటల మీద తెలుగులో ఒక పరిచయ వ్యాసం రాస్తూ, న్యూయార్క్ ర్యాపర్ ఎమ్‌సీ షాన్ పాట 'ది బ్రిడ్జ్' దగ్గర ఆగిపోయాను. "అదంతా అప్పట్లో ఎలా మొదలైందో, ఆ కథ మీకు మళ్ళీ మళ్ళీ వినడం ఇష్టం" అనే భావం గల పాదాలు అందులో ఉన్నాయి. మూలంలో అక్కడ ఉన్నది 'ఇట్' అనే సర్వనామం. దానిని 'హిప్-హాప్' అని విప్పి రాయవచ్చా?

సమాధానం: దయచేసి విప్పి రాయవద్దు. మీరు ఆగిన ఆ ఒక్క సర్వనామం చుట్టూ న్యూయార్క్‌లో రెండు పేటల మధ్య పాటల యుద్ధం జరిగింది. మీరు దానిని 'హిప్-హాప్' అని రాసినట్లయితే, తెలియకుండానే ఒక పక్షం వైపు సాక్ష్యం చెప్పినవారవుతారు.

ముందు పాటను దాని స్థానంలో ఉంచి చూద్దాం. క్వీన్స్‌బ్రిడ్జ్ అన్నది న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో, క్వీన్స్‌బరో వంతెన పక్కన 1939లో తెరిచిన ప్రభుత్వ గృహసముదాయం. 3,000కు పైగా ఇళ్ళున్న ఆ పేటలో షాన్, అతని పాటలకు బీట్లు కట్టిన మార్లీ మార్ల్ పెరిగారు. 1986లో షాన్ తెచ్చిన రికార్డుకు ఒక వైపు 'బీట్ బైటర్', రెండో వైపు 'ది బ్రిడ్జ్' ఉన్నాయి. మార్లీ మార్ల్ బీటును ఎల్ఎల్ కూల్ జే అనే మరో ర్యాపర్ కాజేశాడని నిందించే 'బీట్ బైటర్' నిజానికి కయ్యానికి కాలుదువ్విన పాట. వెనుకవైపున ఉన్న 'ది బ్రిడ్జ్' తన పేటను పొగుడుకుంటూ, అక్కడి తొలినాటి కళాకారులను పేరుపేరునా తలచుకునే పాట. పోరు మాత్రం ఈ రెండో పాట మీదనే రేగింది.

పాట ప్రారంభంలో ఒక ప్రకటన వినిపిస్తుంది: షాన్, మార్లీ మార్ల్ ఇద్దరూ తాము ఎక్కడి నుంచి వచ్చారో ఆ చోటును గురించి చిన్న కథ చెబుతారని. మీరు చెప్పిన పాదాలకు ఇదే పీఠిక. 'కథ' అన్న మాట పీఠికలోనూ ఉంది, పాదంలోనూ ఉంది. కాబట్టి ఆ సర్వనామం ఆ పేటలో ర్యాప్ మొదలైన తీరును సూచిస్తుందని చెప్పడమే వ్యాకరణానికీ సందర్భానికీ తగిన అన్వయం. హిప్-హాప్ మొత్తం క్వీన్స్‌బ్రిడ్జ్‌లో పుట్టిందని షాన్ ఆ పాటలో ఎక్కడా అనలేదు.

కానీ న్యూయార్క్‌లోనే మరో ప్రాంతమైన బ్రాంక్స్ నుంచి వచ్చిన ర్యాపర్ కేఆర్ఎస్-వన్ దానిని అలాగే విన్నాడు, లేదా అలాగే విన్నట్టు ప్రకటించాడు. అతడూ డీజే స్కాట్ లా రాక్‌ కలిసి నడిపిన బూగీ డౌన్ ప్రొడక్షన్స్ వెంటనే 'సౌత్ బ్రాంక్స్' అనే జవాబు రికార్డు తెచ్చింది. అందులో అతడు చేసిన ముఖ్యమైన పని ఆ సర్వనామాన్ని తీసివేసి, దాని స్థానంలో హిప్-హాప్ అన్న నామవాచకాన్ని నిలబెట్టడం: హిప్-హాప్ క్వీన్స్‌బ్రిడ్జ్‌లో మొదలైందని అనుకుంటున్నావా, ఆ మాట బ్రాంక్స్‌కు వచ్చి అన్నావంటే ప్రాణాలతో తిరిగి వెళ్ళవేమో అని. ఆ తరువాత చరిత్ర పాఠం మొదలవుతుంది. కూల్ హర్క్ వంటి ఆదిపురుషుల పేర్లు వరుసగా వస్తాయి. ఆ చరిత్రలో తప్పేమీ లేదు. 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లోని 1520 సెడ్జ్‌విక్ అవెన్యూలో హర్క్ తన చెల్లెలు సిండీ ఏర్పాటు చేసిన పార్టీలో రికార్డులు తిప్పిన రోజునే హిప్-హాప్ పుట్టినరోజుగా ఇప్పటికీ లెక్కిస్తారు. తప్పల్లా ఆ సత్యం ఎవరూ చేయని వాదనకు ఖండనగా రావడంలోనే ఉంది.

మన ఆలంకారికులు దీనికి ఎప్పుడో పేరు పెట్టారు. ఒకరు ఒక అర్థంతో పలికిన మాటను ఎదుటివారు మరో అర్థంలో గ్రహించి బదులివ్వడాన్ని రుద్రటుడు, మమ్మటుడు వక్రోక్తి అలంకారం అన్నారు (కుంతకుడు కావ్యానికంతటికీ ప్రాణమని చెప్పిన విశాలమైన వక్రోక్తి ఇది కాదు). శ్లేష వక్రోక్తిలో పదానికి ఉన్న రెండర్థాలు, కాకు వక్రోక్తిలో గొంతు విరుపు ఆధారమవుతాయి. ఇక్కడ ఆధారమైనది సర్వనామపు అనిర్దిష్టత. కేఆర్ఎస్-వన్ వీటి పేర్లు విని ఉంటాడని నేననడం లేదు. ఎదుటివాడి వాక్యంలో ఏ పదం వదులుగా ఉందో పట్టుకోవడం పాటలతో పోట్లాడేవారికి అభ్యాసం వల్లనే వస్తుంది.

షాన్ 1987లో 'కిల్ దట్ నాయిజ్' అని తిరుగు జవాబిస్తూ, తాను హిప్-హాప్ క్వీన్స్‌బ్రిడ్జ్‌లో పుట్టిందని అననే లేదని, తానున్న చోటును గురించి మాత్రమే చెప్పానని వివరించుకున్నాడు. అర్థనిర్ణయం దృష్టిలో అతని మాట నూటికి నూరుపాళ్ళూ సరైనది. పోరు దృష్టిలో అదే అతనిని దెబ్బతీసింది. "నేనలా అనలేదు" అన్న వాక్యం పలికిన క్షణంలోనే ప్రశ్న ఎదుటివాడిదై, సంజాయిషీ తనదవుతుంది. వెంటనే అదే ఏడు 'ది బ్రిడ్జ్ ఈజ్ ఓవర్' వచ్చింది. బరువైన పియానో మీద, జమైకా డాన్స్‌హాల్ గాయకుల యాసను అనుకరిస్తూ సాగే ఆ పాటలో కేఆర్ఎస్-వన్ ఈసారి వాదించనే లేదు; పేట పేరు తీసుకుని, అది ముగిసిపోయిందని పల్లవిగా పాడాడు. మాన్‌హాటన్, బ్రూక్లిన్, బ్రాంక్స్, క్వీన్స్ నాలుగింటికీ తలా ఒక క్రియను అంటగట్టి, నాలుగు క్రియలకూ ఒకే అంత్యప్రాస కుదిర్చి, సృష్టించడం బ్రాంక్స్‌కూ నటించడం క్వీన్స్‌కూ వచ్చేలా పేర్చిన పాదాలు జనం నోళ్ళలో నిలిచిపోయాయి.

అదే పాటలో క్వీన్స్‌బ్రిడ్జ్ ర్యాపర్ రాక్సాన్ షాంటే మీద వేసిన అశ్లీలమైన మాటను మాత్రం నేను సమర్థించలేను. ఆమె అప్పటికి ఇరవై ఏళ్ళైనా నిండని అమ్మాయి. ఈ వాదంలో ఆమె అన్న మాట ఏదీ లేదు. మార్లీ మార్ల్ బృందంలో ఉండడమే ఆమె చేసిన నేరం. అక్కడ అలంకారం లేదు, ఎదుటి మాటను పట్టుకున్న నేర్పూ లేదు.

మరొక సభ్యుని వ్యాఖ్య: వివరణ బాగుందండీ. అయితే ఇదంతా మన తిట్టు కవిత్వమే కదా? వేములవాడ భీమకవి చాటువులనూ దీనినీ ఒకే జాతి అనుకోవచ్చు కదా?

బదులు: ఒకే జాతి అనుకోలేమండీ. భీమకవి కథలలో కవి వాక్కుకు శక్తి ఉంటుంది. ఆయన శపిస్తే అది జరుగుతుంది, ఆయనే కరుణిస్తే తొలగుతుంది. ఎదుటివాడు కవి కానక్కరలేదు, అతడు అంతకుముందు పద్యం చెప్పి ఉండనక్కరలేదు. జవాబు రికార్డుకు ముందొక రికార్డు ఉండి తీరాలి, శ్రోతకు అది గుర్తుండాలి. అమెరికాలో ఇది హిప్-హాప్‌తో పుట్టిన పద్ధతి కూడా కాదు. 1953లో బిగ్ మామా థార్న్‌టన్ అనే గాయని పాడిన 'హౌండ్ డాగ్' రాగానే, రూఫస్ థామస్ మగవాడి వైపు నుంచి 'బేర్ క్యాట్' అని బదులు పాడాడు. పాట కట్టుబడి మరీ దగ్గరగా ఉందని కేసు కూడా నడిచింది. జవాబు మూలాన్ని ఎంతగా అంటిపెట్టుకుని ఉంటుందో చెప్పడానికి ఆ కేసు చాలు.

హిప్-హాప్‌లో దీనికి అందమైన ఉదాహరణ ఇంతకుముందు చెప్పిన రాక్సాన్ షాంటేయే. 1984లో యూటీఎఫ్ఓ అనే బ్రూక్లిన్ బృందం 'రాక్సాన్, రాక్సాన్' అని ఒక పాట తెచ్చింది. పేటలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిని ముగ్గురు కుర్రవాళ్ళు ఒకరి తరువాత ఒకరు పలకరించడం, ఆమె ఎవరినీ లెక్కచేయకపోవడం అందులోని విషయం. పాట నిండా ఆమె పేరే ఉంది కానీ ఆమె గొంతు లేదు. క్వీన్స్‌బ్రిడ్జ్‌లో ఉండే లొలీటా షాంటే గుడెన్ అనే పద్నాలుగేళ్ళ పిల్ల, మార్లీ మార్ల్ ఇంట్లో, యూటీఎఫ్ఓ బీటు మీదనే, అప్పటికప్పుడు అల్లుకుంటూ 'రాక్సాన్స్ రివెంజ్' పాడింది. ఆమె చేసినది చూడండి: ప్రథమ పురుషలో ఉన్న పేరును ఉత్తమ పురుషలోకి తెచ్చుకుంది, "నా పేరు రాక్సాన్" అని మొదలుపెట్టింది. ఆ ముగ్గురినీ ఒక్కొక్కరిగా లెక్కకు తెచ్చింది. కాంగోల్ అన్నది టోపీల కంపెనీ పేరు కనుక, వారిలో ఒకడైన కాంగోల్ కిడ్‌ను టోపీ పేరు పెట్టుకున్నవాడని పరిచయం చేసింది. యూటీఎఫ్ఓ పాట వినని వారికి ఇందులో సగం అందదు, విన్నవారికి ప్రతి మాటా సూటిగా తగులుతుంది. యూటీఎఫ్ఓ వారు మరో యువతిని తెచ్చి 'ది రియల్ రాక్సాన్' అని నిలబెట్టవలసి వచ్చింది. స్పార్కీ డీ అనే మరో ర్యాపర్ కూడా షాంటేకు బదులు చెప్పింది. రాక్సాన్ తల్లిదండ్రుల పేరిట ఒక పాట, ఆమె వైద్యుడి పేరిట ఒక పాట, ఇలా పదుల సంఖ్యలో వచ్చాయి. వాటిలో చాలావరకు ఆ పేరు గిరాకీని వాడుకున్నవే తప్ప జవాబులు కావని నా అభిప్రాయం.

ఇక మొదట అడిగిన మిత్రులకు అనువాదం గురించి ఒక్క మాట. ఈ విషయంలో తెలుగు మీకు సహాయపడుతుంది. "అప్పట్లో అదంతా ఎలా మొదలైందో" అన్నప్పుడు 'అదంతా' పేటకూ చెల్లుతుంది, కళకూ చెల్లుతుంది. 'మొదలైంది' అన్న క్రియ రెండింటికీ ఒకే రూపంలో ఉంటుంది. "ఇక్కడ అదంతా" అని చేర్చారంటే షాన్ పక్షం, "హిప్-హాప్ ఎలా మొదలైందో" అన్నారంటే కేఆర్ఎస్-వన్ పక్షం. పాదాన్ని విప్పకుండా ఉంచి, 'సౌత్ బ్రాంక్స్' దగ్గరకు వచ్చినప్పుడు మాత్రం హిప్-హాప్ అన్న మాటను తప్పనిసరిగా స్పష్టంగా రాయండి. మూలంలో అక్కడ అది ఉంది, తెలుగు పాఠకుడికి ఆ మార్పిడి కంటికి కనిపించాలి. 'కిల్ దట్ నాయిజ్' లోని షాన్ వివరణను కూడా పక్కనే ఇస్తే మంచిది. 2007లో కేఆర్ఎస్-వన్, మార్లీ మార్ల్ కలిసి 'హిప్ హాప్ లివ్స్' ఆల్బమ్ చేశారు కనుక ఆ ఇద్దరి మధ్య కయ్యం తీరినట్టే. షాన్ పాదానికి మాత్రం ఇంకా చాలామంది 'సౌత్ బ్రాంక్స్' చెప్పిన అర్థాన్నే చెబుతున్నారు.