కరి అంటే ఏనుగా, పురుగా?

ప్రశ్న: పెట్టుబడి రానురాను కొద్దిమంది చేతుల్లోకే చేరుతుందా అన్న వాదనలో ఒకాయన "ఏ సిరీ నిలవదండీ" అంటూ సుమతి శతకం ఎత్తుకున్నారు. "సిరి దా బోయిన బోవును, కరి మింగిన..." దాకా గుర్తుంది. ఇక్కడ కరి ఏనుగేనా?

పాత పాఠకుడు: మిగతాది "వెలగపండు కరణిన్ సుమతీ". కరి మింగిన వెలగపండులో గుజ్జు పోయి డొల్ల మిగిలినట్టు సిరి పోతుందని అర్థం. ఏనుగే. అయితే ఆ పద్యం ఆయన వాదనకే ఎదురు తిరుగుతుంది. గుజ్జు ఎక్కడికి పోయింది? ఏనుగు కడుపులోకి. 2012లో ఫేస్‌బుక్ ఇన్‌స్టాగ్రామ్‌ని కొన్నాక పేరు అలాగే ఉంది, యజమాని మారాడు. పైకి డొల్ల చెక్కుచెదరలేదు.

పురుగు పక్షం: కరి అంటే వెలగపండుకి పట్టే పురుగని వ్యాఖ్యానం ఉంది. ఫిల్ము, కెమెరాల కంపెనీ కోడక్‌ని ఎవరు మింగారు? డిజిటల్ కెమెరా 1975లో వాళ్ల దగ్గరే తయారైంది. ఫిల్ము మీద ప్రేమ చావక పక్కన పెట్టారు. 2012లో దివాలా.

ఛందోభిమాని: ముందు పద్యం చూడండి. "కరణిన్"తో యతికి, అంటే పాదం మొదటి అక్షరం పొత్తుకి, క కావాలి; ప్రాసకి, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం పొత్తుకి, ర కావాలి. గజం, ఏనుగు పట్టవు, అందుకే కరి. సంస్కృతంలో "గజభుక్త కపిత్థ", గజం తిన్న వెలగపండు, అని స్పష్టంగానే ఉంది.

పురుగు పక్షం: ఆ గజమూ పురుగేనంటారు. పైగా ప్రశ్నలో రాని రెండో పాదం "సలలితముగ" అని మొదలవుతుంది, అందులో రెండో అక్షరం ల, ప్రాస ఏదీ?

ఛందోభిమాని: ర-ల ప్రాస చెల్లుతుంది. ఈ శతకం రాసిన బద్దెన కంద పద్యంలో ఒక్క మాట పీకి చూడండి, పద్యం కూలిపోతుంది.

పాత పాఠకుడు: బద్దెనదేనని తేల్చిందెవరు?

లెక్కల మనిషి: రెండు సంగతులు కలిపేస్తున్నారు. లాభాన్ని మళ్లీ పెట్టి పెరగడం వేరు, ఉన్న పెట్టుబడులు ఒకదాన్నొకటి కలుపుకోవడం వేరు అని మార్క్స్ "కాపిటల్" మొదటి సంపుటిలోనే విడదీశాడు. ఏనుగు రెండోదానికే సరిపోతుంది. 1911లో అమెరికా చమురు గుత్తసంస్థ స్టాండర్డ్ ఆయిల్‌ని 34 కంపెనీలుగా విడగొట్టారు. వాటిలో రెండింటి వారసులు, ఎక్సాన్, మొబిల్, 1999లో మళ్లీ ఒకటయ్యాయి.

పురుగు పక్షం: ఒకటైనా పాత ఏకచ్ఛత్రం తిరిగి రాలేదుగా! మింగడం ఉంది, తొలవడమూ ఉంది. మీకు ఏనుగు ఒక్కటే కనిపిస్తోంది.

లెక్కల మనిషి: పురుగు తొలిచిన చోట మార్కెట్ ఎవరికి పోయిందో కూడా చెప్పండి మరి. చిన్నవాళ్లకా?

ఛందోభిమాని: అదంతా తర్వాత. పాఠం "మ్రింగిన". "మింగిన" అని రాసినవాళ్లు ఏ ప్రతి చూశారో ముందు చెప్పాలి.