కాటుకు ఎగిరే పిల్లపామును రోజూ పట్టుకోవాలా, కొన్నాళ్లు వదిలేయాలా?

ఫ్రిస్కో_నాన్న:
అందరికీ నమస్తే. మా అమ్మాయికి పన్నెండేళ్లు. చాన్నాళ్లు బతిమాలి చివరికి ఒక కార్న్ స్నేక్ పిల్లను కొనిపించుకుంది. ఇక్కడ టెక్సస్‌లో జరిగే సరీసృపాల ఎక్స్‌పోలో, పెంపకందారు దగ్గరే తీసుకున్నాం. పెన్సిల్ అంత లావు, అడుగుకు కాస్త ఎక్కువ పొడవు. విషం లేని జాతి అని తెలుసు. వచ్చిన వారం దాకా ముట్టుకోలేదు. ఫ్రీజర్‌లోంచి తీసి వెచ్చబెట్టిన ఎలుకపిల్లల్ని బాగానే తింటోంది.

బాధల్లా పట్టుకోవడం దగ్గరే. మూత తీస్తే చాలు మెడను ఎస్ ఆకారంలో వెనక్కి లాక్కుని, తోక టపటపలాడిస్తుంది. చెయ్యి ఇంకాస్త దగ్గరికెళ్తే ఎగిరి కొడుతుంది. ఎలాగోలా ఎత్తితే చేతినిండా కంపు వదులుతుంది. అమ్మిన ఆయన "రోజూ పట్టుకోండి, కాటేసినా కింద పెట్టొద్దు, పెడితే కాటేస్తే వదిలేస్తారని నేర్చుకుంటుంది" అన్నాడు. మా ఆఫీసులో బాల్ పైథాన్ (ఒక రకం చిన్న కొండచిలువ) పెంచే ఆయనేమో "దానంతట అది బయటికొచ్చేదాకా నెలలైనా సరే ముట్టుకోవద్దు" అంటున్నాడు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే. ఎవరి మాట వినాలి? అమ్మాయి ధైర్యంగానే ఉంది, టెన్షన్ అంతా నాదే.

గోదారి_గట్టు:
అమ్మినాయన మాట వినండి. కార్న్ స్నేక్ పిల్లలు సాధారణంగా ఇలాగే ఉంటాయి. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల అడవుల్లో ఆ సైజు పామును పక్షుల దగ్గర్నుంచి వేరే పాముల దాకా అందరూ తినేవాళ్లే. పైనుంచి ఏది వచ్చినా దానికి చావే. ఆ భయం పోవాలంటే మీ చెయ్యి తనను తినదని దానికి పదే పదే తెలియాలి, ముట్టుకోకుండా అది ఎలా తెలుస్తుంది? నేనూ కార్న్‌లూ, విషం లేని కింగ్ స్నేక్‌లూ పెంచుతున్నా. పిల్లపాము పళ్లు ఎంత చిన్నవంటే కాటు పడ్డ చోట రెండు మూడు ఎర్రచుక్కలు వస్తాయి, సబ్బుతో కడుక్కుంటే సరి. ఇప్పుడు భయపడి వదిలేస్తే రేపు నాలుగడుగుల పాము అదే బుద్ధితో ఉంటుంది. అప్పుడు మీ అమ్మాయి దాని జోలికి కూడా పోదు.

ల్యాబ్‌కోటు:
గోదారి గారూ, కాటేయగానే పెట్టేస్తే కాటు అలవాటవుతుందన్న మాట నిజమే. జంతువుకు ఏది పనిచేస్తే అదే మళ్లీ చేస్తుంది. కానీ దాన్నుంచి "రోజూ పట్టుకో, ఎంత గింజుకున్నా వదలకు" అన్న సలహా ఎలా వచ్చిందో నాకర్థం కాదు. పాము కాటేసిందంటే అంతకు ముందు చేసిన హెచ్చరికలన్నీ మనం పట్టించుకోలేదని. మెడ లాక్కోవడం ఒక హెచ్చరిక, తోక ఆడించడం ఇంకోటి. కొట్టాక ఏం చేయాలని వాదించుకునే బదులు, కొట్టేదాకా రానివ్వకుండా ఏం చేయాలో మాట్లాడుకుందాం.

ఇంకో సంగతి. నేను పనిచేసే క్లినిక్‌కి "మా పాము చాలా మంచిది, అస్సలు కదలదు" అంటూ తెచ్చేవాళ్లుంటారు. చూస్తే ఒళ్లంతా బిగుసుకుని ఉంటుంది, నాలుక బయటికి రాదు, ఊపిరి గబగబా తీస్తుంటుంది. దాన్ని ప్రశాంతత అనరు. తప్పించుకునే దారి లేక ఊరుకుంది, అంతే. బాల్ పైథాన్ తల లోపలికి పెట్టి ఉండచుట్టుకోవడం కూడా ఇలాంటిదే, అది ముద్దుగా పడుకోవడం కాదు. నిజంగా కుదుటపడ్డ పాము నాలుకను తీరిగ్గా ఆడిస్తుంది, ఒక చేతి మీంచి ఇంకో చేతి మీదకు పాకుతుంది, దాని పట్టు వదులుగా ఉంటుంది. ఆ తేడా పసిగట్టడం వస్తే మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

ఊరి_పొలిమేర:
చవితికి పుట్టలో పాలు పోసి దణ్ణం పెట్టుకునేవాళ్లం, ఇప్పుడు డబ్బాలో పెట్టి పట్టుకునే పాఠాలా! కొట్టిన చెయ్యిని గుర్తుపెట్టుకుని పగబడుతుంది జాగ్రత్త.

గోదారి_గట్టు:
పగ అనేది ఉంటే నా మీద ఈపాటికి చాలా కేసులుండేవి. పాముకు ద్వేషమూ లేదు, మనమంటే ప్రేమా లేదు. అలవాటు మాత్రం ఉంటుంది, నేనూ దాని గురించే చెబుతున్నా.

చిత్తూరు_పిల్ల:
అంకుల్, చేతి సంగతికి ముందు ట్యాంకు సంగతి చెప్పండి. దాక్కోడానికి గూళ్లు ఎన్ని? అన్ని వైపులా గాజేనా? కార్న్‌కి వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి గూడు తప్పనిసరి. ఒకటే ఉంటే వెచ్చదనం కావాలా, రక్షణ కావాలా అని అది ఎంచుకోవాల్సి వస్తుంది. వెచ్చని వైపు నేల 85 నుంచి 88 ఫారెన్‌హీట్ దాకా, చల్లని వైపు 75 దరిదాపుల్లో ఉండాలి, హీట్ మ్యాట్‌కి థర్మోస్టాట్ ఉండాలి. మూడు వైపులా నల్ల కాగితం అంటించండి. మధ్యలో ప్లాస్టిక్ ఆకులు, బెరడు ముక్కలు వేసి నింపండి. ఖాళీ గాజుపెట్టెలో పెట్టిన పిల్లపాము ఎప్పుడూ బిగపట్టుకునే ఉంటుంది. దాన్నక్కడ ఉంచి చేతులకు అలవాటు చేయాలనుకోవడం వృథా.

ఫ్రిస్కో_నాన్న:
గూడు ఒక్కటే ఉందమ్మా, అదీ చల్లని వైపు. నాలుగు వైపులా గాజే. ఈ వీకెండ్ మార్చేస్తాం. కానీ మార్చాక? పట్టుకోవాలా వద్దా అన్నది తేలలేదు కదా.

చిత్తూరు_పిల్ల:
మార్చాక మళ్లీ కొన్నాళ్లు ఊరుకుని, రెండు మూడు పూటలు తిన్నాక మొదలుపెట్టండి. పైనుంచి చెయ్యి దించొద్దు. పక్కనుంచి, దానికి కనపడేలా రావాలి. చెయ్యి పెట్టే ముందు టిష్యూ రోల్ లోపలి అట్టగొట్టంతో ఒంటి మధ్యలో మెల్లగా తాకండి. ఇది తిండి కాదు, పట్టుకోడానికొచ్చారు అని దానికి క్రమంగా తెలుస్తుంది. తర్వాత తటపటాయించకుండా ఒంటి మధ్య భాగం కింద వేళ్లు దూర్చి ఎత్తేయాలి. తల పట్టుకోకూడదు, తోక పట్టి లాగకూడదు. మనం చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెడుతుంటే అది ఇంకా బెదురుతుంది. ఎత్తాక బిగించకుండా చేతులు మారుస్తూ నడవనివ్వండి. పరుపు మీదో నేల మీదో కూర్చుని పట్టుకుంటే జారినా దెబ్బ తగలదు. మొదట్లో ఐదు నిమిషాలు చాలు, అదే ఎక్కువ. తిన్నాక రెండు రోజులు ముట్టుకోవద్దు, కక్కేస్తుంది. కళ్లు పాలనీలంగా మసకబారితే కుబుసం విడిచేదాకా ఆగండి, ఆ రోజుల్లో దానికి సరిగ్గా కనపడదు.

కూకట్‌పల్లి_కుర్రాడు:
మంచి సమయంలో అడుగుతున్నా. మా ఊళ్లో పొలం గట్ల మీద పిల్లపాములు దొరుకుతాయి. విషం లేనిది చూసి పట్టుకుని ఇలాగే అలవాటు చేస్తే?

ల్యాబ్‌కోటు:
వద్దు తమ్ముడూ. మన దేశపు అడవి పాములను పట్టుకోవడం, ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా కట్లపాము పిల్లనూ విషం లేని తోడేలు పామునూ తేడా తెలియక పొరబడేవాళ్లు చాలామంది. కార్న్ స్నేక్ విదేశీ జాతి కాబట్టి దాని లెక్క వేరు. విదేశీవే అయినా బాల్ పైథాన్‌లా సైటిస్ (వన్యజీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) అనుబంధాల్లో ఉన్నవాటిని 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయాలి. పొలంలోదాన్ని పొలంలోనే ఉండనివ్వు.

గోదారి_గట్టు:
మళ్లీ అసలు విషయానికి. చిత్తూరు అమ్మాయి చెప్పిన పద్ధతితో నాకు పేచీ లేదు, నేనూ అలాగే ఎత్తుతా. నా పేచీ "దానంతట అది వచ్చేదాకా ఆగు" అనే వాళ్లతో. ఆఫీసాయన బాల్ పైథాన్ సాయంత్రం బయటికొచ్చి చేతిని వాసన చూస్తుందేమో. కార్న్ పిల్ల అలా రాదు. దాని బతుకంతా దాక్కోవడమే. దాని ఇష్టం కోసం ఆగితే అది ఇష్టపడదు, ఈలోపు అమ్మాయి ఇష్టం పోతుంది.

ల్యాబ్‌కోటు:
ఆ మాటకు ఒప్పుకుంటా. కార్న్ పిల్ల చేతిలోకి నడిచొస్తుందని నేనూ అనను. కానీ రోజూ అన్నది ఇప్పటికీ తప్పే. వారానికి రెండు మూడుసార్లు చాలు, మిగతా రోజులు దానికి తేరుకోడానికి కావాలి. రోజూ ఎత్తితే ముందు పోయేది తిండి. మీ పాములు తట్టుకున్నాయంటే ప్రతి పామూ తట్టుకుంటుందని కాదు.

చేతిలో ఉండగా కొడితే ఏం చేయాలో ఫ్రిస్కో గారికి చెప్పనే లేదు. చెయ్యి విదిలించకండి, కదలకుండా ఉండండి. బెదిరి కొట్టే కాటు ఒక్క క్షణం, వెంటనే వదిలేస్తుంది. వదలకుండా చుట్టుకుంటే అది తిండి అనుకుందన్నమాట, చేతికి ఎలుక వాసన అంటి ఉంటే అలా చేస్తుంది. లాగకండి, పళ్లు వెనక్కి వంగి ఉంటాయి, మీ చర్మం చీరుతుంది, దాని పళ్లు ఊడతాయి. చల్లటి నీళ్లు పోస్తే సాధారణంగా వదులుతుంది. బెదిరి కొట్టినదైతే కాసేపాగి, నాలుక మళ్లీ ఆడించాక పెట్టండి. కొట్టిన క్షణంలోనే పెట్టొద్దు, అలాగని గంట పట్టుకుని కూర్చోవద్దు.

గోదారి_గట్టు:
నేను చెప్పింది కూడా ఇంచుమించు ఇదే, నేను కాస్త గట్టిగా చెప్పా. రోజూ విషయంలో మాత్రం తగ్గను.

ఫ్రిస్కో_నాన్న:
వారానికి రెండుసార్లతో మొదలుపెడతాం, గోదారి గారు క్షమించాలి. గ్లవ్స్ వేసుకుంటే అమ్మాయికి ధైర్యం కదా అని మా ఆవిడ. ఇంకోటి, వచ్చే నెల మా అమ్మ ఇండియా నుంచి వస్తోంది, డెబ్బై దాటింది. మా చిన్నోడికి మూడేళ్లు.

చిత్తూరు_పిల్ల:
దళసరి గ్లవ్స్ వేసుకుంటే ఎంత నొక్కుతున్నామో తెలీదు, పిల్లపాముకు అది ప్రమాదం. మొదటి రెండుసార్లు పల్చటివి వేసుకుని తర్వాత తీసేయమనండి. మీరు కూడా పట్టుకోవాలి అంకుల్, అమ్మాయి ఒక్కతే కాదు. మీరు ఉలిక్కిపడితే తనూ ఉలిక్కిపడుతుంది.

ల్యాబ్‌కోటు:
అమ్మగారి విషయం, చిన్నోడి విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఆరోగ్యంగా కనిపించే పాము మీద కూడా సాల్మొనెల్లా అనే, విరేచనాలూ జ్వరమూ తెచ్చే బాక్టీరియా ఉండొచ్చు. ఐదేళ్లలోపు పిల్లలు, 65 దాటిన పెద్దవాళ్లు ఉన్న ఇళ్లలో సరీసృపాలు వద్దనే ఇక్కడి ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతుంది. ఎలాగూ తెచ్చేశారు కాబట్టి ట్యాంకు అమ్మాయి గదిలోనే ఉండాలి, మూతకు క్లిప్పులు పెట్టాలి. ఆ సైజు పాముకు చిటికెన వేలు పట్టే సందున్నా చాలు, బయటికొచ్చేస్తుంది. నీళ్ల గిన్నె వంటింటి సింకులో కడగొద్దు. ఎలుకపిల్లల్ని వెచ్చబెట్టే గిన్నె కూడా వేరుగా పెట్టుకోండి. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, చిన్నోడిని మాత్రం దాన్ని ముట్టుకోనివ్వొద్దు.