‘వివాహ నిషేధం’ కాదు మహాప్రభో!

పదాలబుట్ట:
ఇంగ్లండ్‌లో స్ట్రాట్‌ఫర్డ్ అపాన్ ఏవన్ అనే ఊరి చర్చి గురించి, అక్కడి పాత పెళ్లి రిజిస్టర్ల గురించి ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. షేక్‌స్పియర్ పుట్టిన ఊరే. తొందరలో ఒక పేజీ యంత్రానికి ఇచ్చి చూస్తే, ‘బాన్స్’ అన్న చోటల్లా ‘వివాహ నిషేధాలు’ అని వచ్చింది. 1582లో షేక్‌స్పియర్‌కి ‘ఒక్కసారి నిషేధాలు అడిగి’ పెళ్లి చేసుకోవడానికి అనుమతి ఇచ్చారట! నిషేధం అడిగి మరీ చేసుకునే పెళ్లేమిటో!

అసలు సంగతి ఇది. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో వధూవరుల పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. అలా చదవడమే బాన్స్. దీనికి తెలుగులో ఒక్క మాట కావాలి. లగ్నపత్రిక అందామా?

పాతచింతకాయ:
లగ్నపత్రిక కుదరదు తమ్ముడూ. అది రెండిళ్ల మధ్య రాసుకునే కాగితం. మీరు చెప్పింది ఊరందరినీ అడగడం.

యంత్రాన్ని మరీ తిట్టకండి, అది పడింది మంచి గోతిలోనే. పాత ఇంగ్లీషులో ‘బన్నన్’ అంటే పిలుపునివ్వడం, నలుగురిలో చాటడం. చాటే మాటల్లో ‘వద్దు’ అనేవీ ఉంటాయి కదా. పోను పోను ఆ ‘వద్దు’ అర్థమే మిగిలి ఇప్పటి ‘బ్యాన్’ అయింది. పెళ్లి దగ్గర మాత్రం పాత అర్థం అలాగే నిలిచిపోయింది. కాబట్టి నా ఓటు ‘చాటింపు’కి. తప్పెట కొట్టి వీధి మలుపులో నిలబడి ‘వినండహో’ అనేది గుర్తుందా? అదే.

గుంటూరు వాసిని:
మాస్టారూ, క్షమించాలి. చర్చిలో తప్పెట ఎక్కడిది? మా చర్చిలో దీన్ని ‘ప్రకటన’ అంటారు. మొదటి ప్రకటన, రెండో ప్రకటన, మూడో ప్రకటన. మా అక్క పెళ్లికి మూడో ప్రకటన అయ్యేదాకా మా అమ్మకి ఒకటే టెన్షన్, ఎవరు లేచి ఏమంటారోనని. వాడుకలో మాట ఉండగా కొత్తది తేవడం ఎందుకండీ?

పాతచింతకాయ:
ప్రకటన అంటే ఇప్పుడు సబ్బుల ప్రకటన కూడా కదమ్మా. అయినా మీరు రోజూ వినే మాటని కాదనలేను.

సంతబజారు:
తప్పెట లేదన్నారు కాబట్టి ఒక ముచ్చట. 1653లో ఇంగ్లండ్‌లో రాజు లేడు, ఆలివర్ క్రామ్‌వెల్ అనే సేనాని పెత్తనం సాగిన రోజులు. అప్పటి పార్లమెంటు పెళ్లిళ్లను పాదరీల చేతుల్లోంచి తీసి న్యాయాధికారులకు అప్పజెప్పింది. పేర్లు ఎక్కడ చదివించుకోవాలో పెళ్లివాళ్ల ఇష్టం: మూడు ఆదివారాలు చర్చిలో గానీ, మూడు సంత రోజుల్లో సంతలో గానీ. అంటే ఆ కొన్నేళ్లు గుడ్లు, గొర్రెలు, ధాన్యం బేరాల మధ్య నిలబడి ‘ఫలానా వాళ్లబ్బాయికీ ఫలానా వాళ్లమ్మాయికీ పెళ్లి’ అని కేకవేసేవాళ్లు. దాన్ని చాటింపు అనక ఇంకేమంటాం?

మీ స్ట్రాట్‌ఫర్డ్ కూడా సంత ఊరే. 1196లో మొదటి రిచర్డ్ రాజు నుంచి వూస్టర్ బిషప్ సంతకి పత్రం తెచ్చుకున్నాడు, ప్రతి లక్ష్మివారం సంత. ‘మార్కెట్ టౌన్’ని ‘విపణి పట్టణం’ అని రాయకండి, దణ్ణం పెడతాను. ‘సంత ఊరు’ అంటే చాలు.

పదాలబుట్ట:
విపణి కొట్టేశాను! మరి ‘పారిష్’కి? నిఘంటువు చూస్తే ‘చర్చి పరిధిలోని ప్రాంతం’ అని వివరణ ఇచ్చిందే గాని మాట ఇవ్వలేదు.

గుంటూరు వాసిని:
మా పక్కింటి కతోలికుల్ని అడగాల్సింది. వాళ్లు ‘విచారణ’ అంటారు. పారిష్ ప్రీస్టు ‘విచారణ గురువులు’. మొదటిసారి విన్నప్పుడు నాకు సీబీఐ గుర్తొచ్చింది.

పాతచింతకాయ:
ఇది బంగారం లాంటి మాట. బాగోగులు విచారించడం అంటాం చూడండి, ఆ విచారణ. ‘పిల్లల్ని విచారించుకునే దిక్కు లేదు’ అని మా నాయనమ్మ అనేది. ఇప్పుడు పోలీసులూ కోర్టులూ ఆ మాటని ఎత్తుకుపోయాయి. చాటడం కాస్తా నిషేధమైన ‘బ్యాన్’ కథే మళ్లీ. వ్యాసంలో మొదటిసారి ‘విచారణ, అంటే ఒక గురువు బాధ్యతలో ఉన్న ఊరు’ అని రాసి, తర్వాత ధైర్యంగా వాడేయండి.

పదాలబుట్ట:
అలాగే మాస్టారూ. రిజిస్టర్లకి సంబంధించిన మాటలు ఇంకొన్ని ఉన్నాయి. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు దగ్గర మంత్రి థామస్ క్రామ్‌వెల్ (ఈయన వేరే క్రామ్‌వెల్) ప్రతి విచారణలో జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, సమాధులు పుస్తకంలో ఎక్కించాలని ఆజ్ఞ ఇచ్చాడు. చాలాచోట్ల అవి మామూలు కాగితాలు. 1598లో వాటిని తోలు పుటల మీదికి ఎక్కించమన్నారు, ముఖ్యంగా ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన 1558 నుంచి. స్ట్రాట్‌ఫర్డ్ రిజిస్టర్ అక్కడి నుంచే మొదలవుతుంది. అందుకే 1564 ఏప్రిల్ 26న షేక్‌స్పియర్ జ్ఞానస్నానం కూడా మనం చూసేది తిరగరాసిన ప్రతిలోనే.

ఆయన పెళ్లి మాత్రం ఆ పుస్తకంలో లేదు! ఉన్నది 1582 నవంబర్ 28న వూస్టర్‌లో రాసిచ్చిన 40 పౌండ్ల పూచీకత్తు. మూడుసార్లు కాక ఒక్కసారి బాన్స్ చదివి పెళ్లి చేసినా, తర్వాత గొడవ వస్తే మాదే పూచీ అని ఇద్దరు రైతులు హామీ. అంత హడావిడి ఎందుకంటే, డిసెంబర్ 2న ఆగమన కాలం (క్రిస్మస్‌కి ముందు వచ్చే వారాలు) మొదలు. అక్కణ్ణుంచి జనవరి దాకా బాన్స్ చదవకూడదు. అప్పటికే పెళ్లికూతురు ఆన్ హాథవే నెల తప్పింది, మొదటి బిడ్డ జ్ఞానస్నానం 1583 మే 26న. ఈ ‘చదవకూడని రోజుల’కి మాట?

సంతబజారు:
మూఢం! ఇంకేం కావాలి?

గుంటూరు వాసిని:
మూఢమంటే గురుడో శుక్రుడో కనపడని రోజులు కదండీ. వీళ్లది ఉపవాసాల లెక్క, గ్రహాల లెక్క కాదు. ‘పెళ్లిళ్లు ఆగే కాలం’ అనండి చాలు.

పదాలబుట్ట:
మీ మాటే తీసుకుంటున్నాను. అదే కాలం కూతురు జూడిత్‌నీ పట్టుకుంది. 1616 ఫిబ్రవరి 10న, అలాంటి రోజుల్లోనే, ప్రత్యేక లైసెన్స్ లేకుండా పెళ్లి చేసుకుంటే వూస్టర్ చర్చి కోర్టు పెళ్లికొడుకు థామస్ క్వైనీని వెలివేసింది. ఇక్కడ మాట వెతుక్కునే పని లేకపోయింది. ‘వెలి’ మన దగ్గర సిద్ధంగా ఉంది.

చివరగా ఒకటి. 1754 నుంచి కొత్త చట్టం ప్రకారం పెళ్లికొడుకు, పెళ్లికూతురు, ఇద్దరు సాక్షులు రిజిస్టర్‌లో సంతకాలు పెట్టాల్సి వచ్చింది. చదువు రానివాళ్లు అడ్డగీతలు గీసేవారు. ‘గుర్తు’ అని రాశాను గాని పేలవంగా ఉంది.

పాతచింతకాయ:
పాత దస్తావేజుల్లో ‘ఫలానా వాని నిశాని’ అని ఉండేది. నిశాని పెట్టండి. నిశానీలు వరుసగా ఉన్న పేజీ చూస్తే ఆ ఊళ్లో బడి ఎవరి గడప దాకా వచ్చిందో తెలిసిపోతుంది.

పదాలబుట్ట:
అయితే నా లెక్క ఇదీ. చర్చిలో చదివితే ‘ప్రకటన’, 1653 చట్టం కింద సంతలో అరిస్తే ‘చాటింపు’. పూచీకత్తు వాక్యం: ‘పెళ్లి ప్రకటన ఒక్కసారే చేసి వివాహం జరిపించవచ్చు.’ మాస్టారు అలగరనుకుంటాను.

పాతచింతకాయ:
అలిగాను. కానీ మీరు చేసింది సరైనదే.

సంతబజారు:
ఒక్క అనుమానం. పూచీకత్తుకి ముందు రోజు బిషప్ పుస్తకంలో పెళ్లికూతురు పేరు ‘టెంపుల్ గ్రాఫ్టన్ (ఒక ఊరు)కి చెందిన ఆన్ వేట్లీ’ అని ఉందంటారు. ఆవిడెవరండీ?

పదాలబుట్ట:
గుమాస్తా పొరపాటని ఎక్కువమంది మాట. వేట్లీ అనే ఇంకొకాయన వ్యాజ్యం కూడా అదే రోజు అక్కడికి వచ్చింది, ఆ పేరు చేతిలో ఆడుతూ ఉండి ఉంటుంది. నాకేమీ ఆశ్చర్యం లేదు. మా నాన్న రేషన్ కార్డులో ఇప్పటికీ ఆడమనిషే.