«ఉడుకు బచ్చలి శాకము»: ఇందులో ఉడుకు ఏ ఉడుకు?

కొబ్బరితోట:
ఒక పద్యం సగం సగం గుర్తొచ్చి సతాయిస్తోంది. «...నుడుకు బచ్చలి శాకము జొన్నకూటితో» అని ఒక పాదం, చివర «నీ పస కాననయ్యెడిన్». ముందెక్కడో తింత్రిణి, అంటే చింత, ఉంది. శ్రీనాథుడి పేరు మీద చెప్పుకునే చాటువే కదా? మొత్తం ఎవరైనా పెడతారా?

అసలు సందేహం వేరే ఉంది. మేం కొందరం కలిసి కోనసీమ వంటలకి ఒక యాప్ కడుతున్నాం. ఎవరింటి వంట వాళ్లే పెడతారు, పక్క ఊరివాళ్లు చూసి వండుకుంటారు. కోడ్ జోలికి పోకుండా ముందు కాగితాల మీద స్క్రీన్లు గీసి, వంటల పేర్లు చీటీల మీద రాసి, అంబాజీపేట, ముక్కామల వైపు ఇళ్లకి పట్టుకెళ్లి «వీటిని మీకు తోచినట్టు విడదీయండి» అంటున్నాం. ఒక విభాగానికి «ఉడుకు» అని పేరు పెట్టాం. వేడివేడిగా తినాల్సినవి అని మా ఉద్దేశం. కొందరేమో ఒంటికి వేడి చేసేవి అనుకుని ఆవకాయా, ఆవ పెట్టిన కూరలూ అందులో పెట్టారు. కొందరు పొయ్యి మీద ఉడికేవన్నీ పెట్టారు. ఒక పెద్దావిడ మాత్రం చీటీ చూసి ఈ పద్యం ఎత్తుకుని, సగంలో ఆపి, «ఈ ఉడుకేనా మీది?» అన్నారు. ఏ ఉడుకండీ అంటే నవ్వి ఊరుకున్నారు.

పాలకొల్లు మాస్టారు:
పద్యం ఇదిగో.

ఫుల్లసరోజనేత్ర! యల పూతన చన్నుల చేదు ద్రావి నా
డల్ల దవాగ్ని మ్రింగితి నటంచును నిక్కెద వేల? తింత్రిణీ
పల్లవయుక్తమౌ నుడుకు బచ్చలి శాకము జొన్నకూటితో
మెల్లన నొక్క ముద్ద దిగమింగుము నీ పస కాననయ్యెడిన్

ఉడుకు అంటే ఇక్కడ వేడే. సందేహం ఎందుకు? దవాగ్ని మింగానని గొప్పలు పోతున్నావు కదా, ఈ వేడి ముద్ద మింగి చూపించు అని కృష్ణుణ్ణి ఎత్తిపొడుస్తున్నాడు. నిప్పుకి నిప్పు. మెల్లన అన్నది కూడా అందుకే, గబుక్కున మింగితే నోరు కాలుతుంది.

నగణం:
మాస్టారూ, నాలుగో పాదంలో «దిగమ్రింగుము» అనాలి కదా? రెండో పాదంలో మ్రింగితి అని రేఫ ఉంచి నాలుగో పాదంలో ఎందుకు తీసేశారు?

పాలకొల్లు మాస్టారు:
మ్రి అంటే ముందున్న «గ» గురువై, మూడు లఘువులుండాల్సిన నగణం చెడుతుందని మా గురువుగారు మింగుము అనే చెప్పించేవారు బాబూ.

నగణం:
చెడదు మాస్టారూ. అదే లెక్కన «దవాగ్ని మ్రింగితి» దగ్గర «గ్ని» కూడా గురువై రగణం చెడాలి. అక్కడ చెడనిది ఇక్కడ ఎందుకు చెడుతుంది? మొదటి పాదంలో «చేదు ద్రావి» కూడా అంతే, «దు» లఘువుగానే నిలిచింది. తెలుగు మాట మొదట ఉన్న రేఫ సంయుక్తం వెనక అక్షరాన్ని బరువు చేయదు. మూడు చోట్లా ఒకటే న్యాయం. మ్రింగుమే.

ఇంక ఉడుకు సంగతి. ఉత్పలమాలలో మూడో గణం నగణం, మూడు లఘువులు. మూడో పాదంలో ఆ మూడూ సరిగ్గా «ను డు కు». పదో అక్షరం బచ్చలిలో బకారం, పాదం మొదటి పకారానికి యతి కుదిరింది. అంటే కవికి బచ్చలి అక్కడే కావాలి, దాని ముందు మూడు లఘువుల ఖాళీ ఉంది, ఉడుకు పడేశాడు. దాని మీద ఇంత బరువు మోపక్కర్లేదని నా అభిప్రాయం.

గోదారి గట్టు:
శ్రీనాథుడు ఖాళీలు పూరించే కవా? ఎవరి గురించి మాట్లాడుతున్నారో చూసుకోండి. భీమేశ్వర పురాణంలో మన దాక్షారామాన్ని వర్ణించినవాడు, రాజమహేంద్రవరంలో వీరభద్రారెడ్డికి కాశీఖండం అంకితమిచ్చినవాడు. ఆయన దగ్గర నగణానికి మాటలు కరువా? వేరే మాట పెట్టగలిగీ ఉడుకు పెట్టాడంటే కారణం ఉండే ఉంటుంది.

నగణం:
ఈ చాటువు ఆయనదే అని ముందు తేలాలి కదండీ. పల్నాడు మీద దొరికిన ప్రతి వెటకారం ఆయన ఖాతాలోనే వేశారు.

గోదారి గట్టు:
తేలకపోయినా చెయ్యి తెలుస్తుంది.

పల్నాటి తోవ:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఏ ఉడుకైనా సరే, జొన్నకూడు దిగమింగడానికి దేవుడు కావాలనడం వరి తిన్న నాలుక పొగరు. మా అమ్మమ్మ జొన్నన్నంలో చింతచిగురు బచ్చలి పెడితే మేం దేవుళ్లం కాకపోయినా రెండోసారి అడిగి పెట్టించుకునేవాళ్లం.

ఆవ పెట్టిన అక్క:
నాకూ ఆ బచ్చలి దగ్గరే కోపం వచ్చింది. మా రామచంద్రపురం వైపు కంద బచ్చలి లేకుండా పెళ్లి భోజనం ఉండదు. కంద మెత్తబడాలి, బచ్చలి అందులో కలిసిపోవాలి, పులుసు పట్టాలి, దించాక ఆవ ముద్ద కలపాలి. పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కుతుంది, అప్పుడది నిజంగా పూతన పాలే.

ఉడుకు అంటే వేడి అని మాస్టారు ఊరికే తేల్చేశారు. మన వైపు వేడి నీళ్లని ఉడుకు నీళ్లంటామా? వేణ్ణీళ్లంటాం. ఉడుకు నీళ్లు తెలంగాణ మాట. మనకి ఉడుకు అంటే ఆటలో ఓడి ఏడ్చే ఉడుకుమోతు పిల్లాడు, లేకపోతే ఉడుకు రక్తం. అన్నానికీ కూరకీ వాడితే ఉడకడమే. ఆ పెద్దావిడ కోనసీమ మనిషి కాబట్టి ఆవిడ చెవికి ఉడికిన బచ్చలి అనే వినిపించి ఉంటుంది.

పాలకొల్లు మాస్టారు:
ఉడికిన అంటే భూతకాలం అమ్మా. ఉడుకు అంటే ఉడికే. చిన్నయసూరి తన వ్యాకరణంలో తద్ధర్మార్థక విశేషణం (ఏ కాలమని లేకుండా స్వభావం చెప్పే మాట) అన్నది ఇదే. ఇంకా కుతకుతలాడుతున్న కూర. చివరికి వేడి దగ్గరికే వచ్చాం.

నగణం:
అలా అయితే ఒక పరీక్ష ఉంది. ఇక్కడ బచ్చలికి బదులు అన్నం ఉండుంటే తేలిపోయేది. తద్ధర్మమైతే నుగాగమం, అంటే మధ్యలో నకారం, వచ్చి ఉడుకునన్నం అవుతుంది. కర్మధారయమైతే, అంటే విశేషణమూ నామవాచకమూ కలిసిన సమాసమైతే, మండుటెండలాగా టుగాగమం, అంటే టకారం, వచ్చి ఉడుకుటన్నం అవుతుంది. బచ్చలి హల్లుతో మొదలైంది, సాక్ష్యం పోయింది. «నుడుకు»లో ముందున్న నకారమేమో ఔ అనే తద్ధర్మం వల్ల వచ్చింది, దానికీ ఉడుకు అర్థానికీ సంబంధం లేదు.

గోదారి గట్టు:
ఉడుకుటన్నం అని ఎవరైనా అన్నారా ఎప్పుడైనా?

నగణం:
అనలేదు. సూత్రం ఒప్పుకుంటుంది.

కొబ్బరితోట:
పద్యానికి ధన్యవాదాలు మాస్టారూ. అక్క చెప్పిన «దించాక ఆవ కలపాలి» మాకు చాలా పనికొస్తుంది. మేం ప్రతి అంచెకీ నిమిషాల గడి పెట్టాం, దాన్ని దాదాపు ఎవరూ నింపలేదు. «కంద మెత్తబడేదాకా», «పచ్చివాసన పోయేదాకా», «నూనె తేలేదాకా» అంటారు. ఉప్పు ఎంత అంటే తగినంత. బియ్యం కొలతకి కొందరు సోల, గిద్ద అన్నారు, మిగతావాళ్లు గ్లాసు. ఏ గ్లాసు అంటే మా ఇంట్లో గ్లాసు అన్నారు. అందుకని నిమిషాల గడి తీసేసి «ఎప్పటిదాకా?» అని పెడదామనుకుంటున్నాం. వంట చేస్తూ చెబితే ఫోనే రికార్డు చేసుకునేలా ఒక బొత్తాం కూడా.

అయినా ఉడుకు పేరు ఉంచాలా తీసేయాలా అన్నది మిగిలిపోయింది.

పాలకొల్లు మాస్టారు:
ఒకటి అడగాలి. తాలింపుకి మీ యాప్‌లో ఏం రాశారు?

కొబ్బరితోట:
పోపు అని రాశాం మాస్టారూ. వెతికేటప్పుడు తాలింపు, తిరగమోత అని కొట్టినా అక్కడికే వస్తుంది.

పాలకొల్లు మాస్టారు:
తిరగమోత అని రాయకండి. తిరగబోత. తిరుగన్ అనే ద్రుతాంతం (నకారంతో ముగిసే మాట) మీద పోయు వచ్చి, పకారం బకారమయ్యే సరళాదేశంతో తిరుగఁబోయు, దాన్నుంచి తిరుగఁబోత. అరసున్న ఉన్నచోట బకారాన్ని మకారంగా పలికి మోత చేశారు జనం.

ఆవ పెట్టిన అక్క:
మోతే సరి అంటాను. ఆవాలు చిటపటమంటే మోత కాదా?

పాలకొల్లు మాస్టారు:
అది తరవాత జనం కల్పించుకున్న అర్థం అమ్మా. ఉక్కపోత, ఉక్కబోత రెండూ వింటాం కదా. ఉక్కలో ఏ మోతా లేదు.

గోదారి గట్టు:
తిండి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, శ్రీనాథుడి భోజన వర్ణనల్లో మండెగలు వస్తాయి. అవి మన ఆత్రేయపురం పూతరేకులేనని నా గట్టి నమ్మకం. మీ యాప్‌లో పూతరేకుల కింద ఆ ముక్క వేయండి.

నగణం:
వేయకండి. మండిగె అని కన్నడ దేశంలో ఇప్పటికీ చేస్తారు, బెళగావి వైపు ప్రసిద్ధి. గోధుమపిండి రేకు అది. బియ్యప్పిండి జావ కుండ మీద పూసి తీసేది వేరు.

గోదారి గట్టు:
రేకు రేకే కదయ్యా.

ఇంత తిండి వర్ణించినవాడికి చివరికి ఏం మిగిలిందో తలుచుకుంటేనే కష్టంగా ఉంటుంది. «బిలబిలాక్షులు తినిపోయె తిలలు పెసలు», చేను కృష్ణ పాలు, కట్టాల్సింది ఏడునూర్ల టంకాలు. ఆ సీసం చదివాక ఈ బచ్చలి పద్యంలో వెటకారం నాకు వెటకారంగా వినపడదు. ఆకలితో ఉన్న మనిషి మాటలా వినిపిస్తుంది. అప్పుడు ఉడుకు అన్నది వేడి గురించీ కాదు, వండడం గురించీ కాదు. కడుపులో ఉడుకు.

పల్నాటి తోవ:
అది ఆకలి పద్యమైతే ముద్ద కృష్ణుడికి ఎందుకు పెడతాడండీ, తనే తినేవాడు.

తణుకు టెకీ:
కొబ్బరితోట గారూ, నేనూ ఇదే పనిలో ఉన్నాను. అయిదుగురితో పరీక్షిస్తే లోపాల్లో ఎక్కువ భాగం బయటపడతాయని వాడుక పరీక్షల నిపుణుడు జాకబ్ నీల్సన్ అంటాడు. కానీ అది ఒకే రకం జనానికి చెప్పిన లెక్క. మీరు కోనసీమ ఒక్కటే చూశారు. భీమవరం, నరసాపురం వైపు చేపల పులుసు వండేవాళ్లకి, యానాం వైపు పులస కోసం ఎదురుచూసేవాళ్లకి ఇవే చీటీలు ఇస్తే వేరేగా విడదీస్తారు. ఉడుకు అన్న మాటని మీరు ముందే పెట్టి ఇవ్వకండి. చీటీలు గుట్టలుగా పెట్టాక వాళ్లనే ఆ గుట్టకి పేరు అడగండి. మీరు పెట్టిన పేరు వాళ్లకి అర్థమైందా అని పరీక్షించే పద్ధతి వేరు, వాళ్ల దగ్గర పేరు తీసుకునే పద్ధతి వేరు. మీరు మొదటిది చేసి రెండోదాని జవాబు వెతుకుతున్నారని నా అనుమానం.

పాలకొల్లు మాస్టారు:
అయిదుగురిని అడిగితే ఆరు పాఠాంతరాలు వస్తాయి నాయనా. ఈ చర్చే చూడు.

ఆవ పెట్టిన అక్క:
టెకీ తమ్ముడు చెప్పింది బాగుంది. నన్నడిగితే నేను కూరల్ని వేడివీ చల్లవీ అని విడదీయను. కార్తీకంలో వండేవి, పెళ్లికి వండేవి, మర్నాడు చద్దన్నంలోకి బాగుండేవి అని విడదీస్తాను. కంద బచ్చలి రెండో గుట్టలోనూ మూడో గుట్టలోనూ ఉంటుంది. ఒక వంట రెండు చోట్ల ఉండొచ్చా మీ యాప్‌లో?

ఇంకోటి. మీ వాళ్లు ఉడుకు అంటే ఒంటికి వేడి అనుకున్నారన్నారు కదా, బచ్చలి చలవ. చలవ చేసే ఆకుని ఉడుకు బచ్చలి అన్నాడంటే, మాటల్లోనే తగవు పెట్టాడేమో చూడండి. ఇది ఎవరూ అనలేదు.

నగణం:
ఇది బాగుంది అక్కా. కానీ అప్పుడు విరోధం ఉడుకుకీ బచ్చలికీ మధ్య కుదురుతుంది, దవాగ్నితో మాస్టారు వేసిన ముడి వదులవుతుంది.

పాలకొల్లు మాస్టారు:
వదులు కాదు, రెండు ముడులవుతాయి.

కొబ్బరితోట:
ఉండొచ్చు అక్కా, రెండు చోట్లా పెట్టే వీలుంది. చద్దన్నంలోకి అన్న గుట్ట మేం అనుకోనే లేదు, రేపటి కాగితాల్లో చేరుస్తున్నాను. ప్రస్తుతానికి ఉడుకు తీసేసి ఆ చోటు ఖాళీగా వదిలి తీసుకెళ్తాం, వాళ్లే పేరు పెడతారు. టెకీ గారూ, నరసాపురం వైపు మీకు తెలిసిన ఇళ్లుంటే విడిగా చెప్పండి. ఆ పెద్దావిడని మళ్లీ కలిస్తే ఏ ఉడుకో అడుగుతాను.

నగణం:
అడిగేటప్పుడు మ్రింగుము అంటారో మింగుము అంటారో కూడా వినండి. వీలైతే ఆ రికార్డు బొత్తాం నొక్కండి.

గోదారి గట్టు:
నాకు చిన్నప్పటి నుంచీ «మెల్లగ నొక్క ముద్ద» అనే గుర్తు. మాస్టారు «మెల్లన» అని రాశారు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి చాటుపద్యమణిమంజరి ఎవరి దగ్గరైనా ఉంటే కాస్త తిరగేసి చూడండి.