కణకవచం, కణత్వచం: ఒక మాట చాలదా?

సీతమ్మధార నుంచి ఒక తల్లి ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. "కణకవచం, కణత్వచం రెండూ పైన ఉండే పొరలే కదమ్మా, రెండు పేర్లెందుకు?" అంది. నాకు చెప్పడం రాలేదు. కాస్త వివరిస్తారా?

జవాబు: ఒక మాట చాలదమ్మా. ఈ పేర్లు ఎవరు పెట్టారో గానీ బాగా ఆలోచించి పెట్టారు. త్వక్కు అంటే చర్మం, పంచ జ్ఞానేంద్రియాల్లో వినే మాటే. త్వచం లేని కణం లేదు. బాక్టీరియా అయినా, కొబ్బరాకు అయినా, మన కాలేయం అయినా సరే. లోపలికి ఏది రావాలి, బయటికి ఏది పోవాలి అన్నది చూసుకునేది అదే. కవచం ఆ చర్మం మీద తొడుక్కునేది, అందరికీ ఉండదు. మొక్కలకు సెల్యులోజ్‌తో, శిలీంధ్రాలకు కైటిన్‌తో, బాక్టీరియాకు పెప్టిడోగ్లైకాన్‌తో ఉంటుంది. జంతుకణాలకు అసలే లేదు.

ఇది కళ్లతో చూడొచ్చు. కుండీల్లో పెంచే రియో ఆకు అడుగున ఊదారంగు పొర ఉంటుంది. దాన్ని సన్నగా ఒలిచి, స్లైడు మీద మంచినీటి చుక్కలో పెట్టి స్కూల్లో మైక్రోస్కోపు కింద చూడమనండి. ప్రతి గదిలోనూ రంగు అంచులదాకా నిండుగా ఉంటుంది. ఇప్పుడు ఆర్‌.కె. బీచ్ నుంచి సీసాలో తెచ్చిన సముద్రపు నీళ్లు ఒక చుక్క వేస్తే, కాసేపట్లో రంగు గోడను వదిలి మధ్యకు ముడుచుకుపోతుంది. కదలకుండా నిలిచినది కవచం, ముడుచుకున్న రంగు చుట్టూ ఉన్న అంచు త్వచం. ఒక్క కణంలోనే రెండూ విడివిడిగా కనిపిస్తాయి.

మన ఎర్ర రక్తకణాన్ని మంచినీళ్లలో వేస్తే ఉబ్బి పగిలిపోతుంది, ఆపే గోడ లేదు కదా. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో 0.9 శాతం ఉప్పు ఉండేది, రక్తకణాలు అలా పగలకుండా ఉండటానికే.

పెందుర్తి నుంచి: కర్ణుడికి కవచం పుట్టుకతోనే వచ్చిందిగా మాస్టారూ? "తొడుక్కునేది" అంటే ఎలా?

జవాబు: చాలా మంచి మాట పట్టారు. మొక్కకణం కవచమూ అలాంటిదే, బయటి నుంచి వచ్చేది కాదు, కణం తానే తయారు చేసుకుంటుంది. కర్ణుడు కోసి ఇచ్చేసి కూడా బతికాడు చూశారా, ఇదీ బతుకుతుంది. ఎంజైములతో కవచాన్ని కరిగించేస్తే లోపలి కణం గుండ్రంగా బయటపడుతుంది, దాన్ని ప్రోటోప్లాస్ట్ అంటారు. తగిన ద్రావణంలో ఉంచితే మళ్లీ కవచం కట్టుకుంటుంది కూడా. త్వచం పోతే మాత్రం కణమే లేదు.

1665లో రాబర్ట్ హుక్ బెరడులో చూసి "సెల్" అని పేరు పెట్టినవి కూడా చచ్చిన కణాల కవచాలే. లోపల ఉండాల్సిన ప్రాణం అప్పటికే పోయింది.

గాజువాక నుంచి: మా మందుల షాపులో రోజూ కనిపించే సంగతి ఇది. పెన్సిలిన్ బాక్టీరియాను గోడ కట్టుకోనివ్వదు. మన కణాలకు గోడే లేదు కాబట్టి ఆ దెబ్బ మనకు తగలదు. అసలు కవచమే లేని మైకోప్లాస్మా అనే రకం బాక్టీరియా మీద పెన్సిలిన్ పనిచేయనిదీ అందుకే.

జవాబు: ఇది మా క్లాసులో తప్పకుండా చెప్తాను, థాంక్సండీ. అమ్మా, మీ పాపను బొమ్మలో మొక్కకణానికి రెండు గీతలు, జంతుకణానికి ఒకటే గీత గీయమనండి. కొన్ని గైడ్లలో రెంటికీ కలిపి "కణపొర" అని వేస్తున్నారు, అది మాత్రం రాయనివ్వకండి.